రైమ్ మధ్యలో ఆగిన పిల్ల

అది 2012. ఎల్లారెడ్డికీ గాంధారికీ నడుమ ఒక తండా, ఆ తండాకు ఒక ప్రాథమిక పాఠశాల, ఆ పాఠశాలకు ఒక గది, ఆ గదికి నేను. ఐదు తరగతులూ అందులోనే కాబట్టి ఒకటో తరగతి పిల్లవాడు తుమ్మితే ఐదో తరగతివాడు పలక తుడుచుకునేవాడు. మా నల్లబల్ల ఒకప్పుడు నల్లగా ఉండేదని పెద్దలు చెప్పగా విన్నాను. నా చేతికి వచ్చేసరికి అది ముసలి గేదె రంగుకు తిరిగింది. సుద్దముక్కతో రాస్తే అక్షరం బల్లమీద కంటే నా చొక్కామీదే స్పష్టంగా కనిపించేది. ఉద్యోగం పేరు ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్. అంటే తెలుగు, లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పడంతో పాటు మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉడికిందో లేదో తేల్చే న్యాయమూర్తి అన్నమాట. కాపురం ఎల్లారెడ్డిలో. పొద్దున బండిమీద బయలుదేరి తండా చేరేసరికి నా ఒంటిమీద పేరుకున్న దుమ్ముతో బడికి ఇంకో గది కట్టించవచ్చు. ఆ సంగతి పైవాళ్ళకు రాతపూర్వకంగా కూడా తెలిపాను. జవాబు రాలేదు.

ఆ ఏడు బడులు తెరవగానే మమ్మల్ని కామారెడ్డికి ట్రైనింగుకు పిలిచారు. చిన్నపిల్లల అవసరాలకు తగ్గట్టు ఇంగ్లీషు బోధనను మలచుకోవడం విషయం. చెప్పేవాడు ఆర్పీ, అంటే రిసోర్స్ పర్సన్. అంటే మాలాంటి పంతులే, కాకపోతే చేతికి మైకు దొరికినవాడు. ఆయన 'లర్నర్ నీడ్స్' అనే మాటను ఎంతగా వాడాడంటే మధ్యాహ్నానికి హాల్లోని ఫ్యాను కూడా కిర్రుమని అదే మాట అంటూ తిరగసాగింది. పిల్లలకు ఉపన్యాసాలు ఇవ్వకూడదని రోజంతా ఉపన్యాసం ఇచ్చాడు. వెనక వరుసలో నిద్రపోయిన వాళ్ళను మాత్రం శిశుకేంద్రీకృతంగా, అంటే ఎవరి వేగాన వాళ్ళను నిద్రపోనిచ్చాడు.

చివరికి తలా ఒక సంభాషణ కార్డు పంచారు. నా కార్డులో ఒక అబ్బాయి విమానాశ్రయంలో పెట్టె పోగొట్టుకుని కౌంటరులోని అమ్మాయిని మర్యాదగా అడుగుతాడు. మా తండా పిల్లలకు ఎంతో అవసరమైన పాఠం. వాళ్ళకు విమానం లేదు, పెట్టె లేదు. పోగొట్టుకోవడం ఒక్కటే అలవాటు.

అయితే అన్యాయంగా మాట్లాడకూడదు. ఆ ట్రైనింగులో సమోసాలు కాక నాకు పనికొచ్చినవి ఇంకో రెండున్నాయి. ఒకటి టీపీఆర్. పంతులు ఇంగ్లీషులో పని చెప్తాడు, పిల్ల నోరు తెరవక్కర్లేదు, ఆ పని చేసి చూపిస్తే చాలు. మాట ముందు ఒంటికి పడుతుంది, తర్వాత నోటికి వస్తుంది. రెండోది వెయిట్ టైమ్. ప్రశ్న అడిగాక పిల్ల ఆలోచించుకునేదాకా పంతులు నోరు మూసుకుని నిలబడటం. మా వృత్తిలో దీనికి మించిన తపస్సు లేదు. ఋషులు కూడా గాలి, నీరు మానేశారు గానీ మధ్యలో జవాబు అందించడం మానేసినట్టు ఎక్కడా దాఖలా లేదు.

విమానాశ్రయం కార్డును బీరువా కాలు కింద పెట్టాను. అది కుంటుతుండేది, అప్పటినుంచి కుదురుగా నిలబడింది. తర్వాత తండానే పుస్తకంగా చేసుకున్నాను. మా పిల్లలు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు మాట్లాడతారు. అమ్మానాన్నలతో చెరుకు నరకడానికి పోయొచ్చిన వాళ్ళకు మరాఠీ వస్తుంది. ఇన్ని భాషలు ఈదిన పిల్లకు ఇంగ్లీషు భయం కాదు, మేం దాన్ని మోసుకొచ్చే తీరు భయం. అందుకని 'పాణి' దగ్గర మొదలుపెట్టి నీళ్ళ మీదుగా వాటర్‌కు పోయేవాళ్ళం. "బ్రింగ్ ద బకెట్" అంటే బకెట్ తెచ్చేవాళ్ళు. "కాల్ ద గోట్" అంటే మేకను పిలిచేవాళ్ళు. మేక నిజంగానే లోపలికొచ్చి హాజరు పలికి, గోడకున్న ప్రపంచపటంలో ఆస్ట్రేలియాను తినేది. వంట చేసే లక్ష్మి "సార్, మీ ఇంగ్లీష్ సల్లగుండ, నా బకెట్ నాకియ్యిండ్లి" అని రోజూ కేకలు పెట్టేది.

ఒక నియమం కూడా పెట్టాను. అర్థం కాకపోతే ఎవరైనా సరే పాఠం ఆపి అడగాలి. ఇంగ్లీషులోనే అడగాలి, తప్పులున్నా ఫరవాలేదు. జవాబు వచ్చేదాకా బండి కదలదు. తహసీల్దారు వచ్చినా కదలదు.

ఈ నియమాన్ని వేదంలా పట్టుకున్నది నాలుగో తరగతి సోని. చెరుకు కూలీ రూప్లా కూతురు. ఏదైనా అడిగితే వెంటనే పలికేది కాదు. కళ్ళు పైకప్పుకు అంటించి, పెదాలు కదుపుతూ, లోపల ఎక్కడో బావి తోడుతున్నట్టు నిలబడేది. ఆ సమయంలో నేను వెయిట్ టైమ్ పాటిస్తూ ఉంటే నా గడ్డం పెరిగేది, బడి బయట పత్తి కాయలు పగిలేవి, ప్రభుత్వాలు మారేవి. అప్పుడు ఒక వాక్యం వచ్చేది. పుస్తకంలోది కాదు, సొంత వాక్యం.

ఒకరోజు నేను బండి దిగి, ఎండకు గొడుగు వేసుకుని బడిలోకి వచ్చాను. సోని చూసింది, ఆలోచించింది, అడిగింది.

"సర్, వై యూ బ్రింగ్ అంబ్రెల్లా? నో రెయిన్."

వానలేనప్పుడు గొడుగెందుకు అని. ఎవరూ నేర్పని ప్రశ్న, ఎవరూ అడగమనని ప్రశ్న. మా వృత్తిలో ఉన్నవాళ్ళకు ఆ వాక్యం విలువ తెలుస్తుంది. ఆ సాయంత్రం ఎల్లారెడ్డి దాకా నేను బండి నడిపానో బండే నన్ను ఎగరేసుకుపోయిందో గుర్తులేదు. ఇంట్లో చెప్తే మా ఆవిడ "మంచిగనే అడిగింది. వానలేనప్పుడు గొడుగెందుకు మీకు?" అంది.

దసరా దాటాక లక్ష్మి ఒక మాట నా చెవిన వేసింది. దీపావళి కాగానే కూలీల ముఠాలు చెరుకు నరకడానికి పోతాయి, ఈసారి రూప్లా సోనీని కూడా తీసుకుపోతున్నాడని. ఆ పోవడం ఎలాంటిదో మాకు తెలుసు. ఉగాది దాటితే గానీ రారు. వచ్చాక పిల్ల వెనకబడుతుంది, సిగ్గుపడుతుంది, ఇంటిపనికి అలవాటవుతుంది. మళ్ళీ దసరా వస్తుంది. మా బడిలో ఆడపిల్లలు నాలుగో తరగతి దాకా ఉంటారు. ఆ తర్వాత చెరుకులో కలిసిపోతారు.

సాయంత్రం రూప్లా ఇంటికి పోయాను. కత్తికి సానపడుతున్నాడు. వాళ్ళ అవ్వ జమ్కు గడపలో కూర్చుని బీడీ తాగుతోంది.

"రూప్లా, పిల్ల మంచిగ సదువుతున్నది. మీ అవ్వ కాడ ఇడిసిపెట్టి పోరాదు?" అన్నాను.

"మేమిద్దరం చెరుకు నరుకుతే చిన్నోన్ని ఎవలు సూడాలె సారూ? కట్టలు గట్టే ఈడు గూడ అచ్చింది దానికి."

"దానికి ఇంగ్లీష్ అస్తున్నది, రూప్లా."

కత్తి ఆగింది. ఆ మాటకు తండాలో ఉన్న గౌరవం వేరే. రూప్లా నన్ను ఎగాదిగా చూశాడు.

"ఫ్యాక్టరీ కాడ తూకం సూసే సారొకాయన ఉంటడు. ఫోన్ల ఇంగ్లీష్ మాట్లాడుతడు. గాయనొక్కడే నీడకు కూసుంటడు, మేమంత ఎండకుంటం. నాకు గంతే ఎరుక. నా బిడ్డకు ఇంగ్లీష్ అచ్చుడే నిజమైతే అవ్వ కాడ ఇడిసిపెట్టిపోత, చిన్నోన్ని నడుముకు కట్టుకోని నరుకుతం. రాకుంటే ఎండల నిలవడుడు తప్పదు గద? ఇప్పటిసంది అలవాటు కావాలె."

ఇంతకంటే ఖచ్చితమైన లర్నర్ నీడ్స్ నేను కామారెడ్డిలో వినలేదు.

"వచ్చిందని ఎట్ల సూపియ్యాలె?" అని అడిగాను.

"గోపాల్ కొడుకు లేడా, ప్రవీణ్? ఎల్లారెడ్డికెల్లి అచ్చే పస్పురంగు బండ్ల పోతడు. వాని లెక్క చెప్పాలె. పండుగ తెల్లారి అందరి ముంగట చెప్పియ్యిండ్లి."

జమ్కు పొగ వదిలి, "పోరి రోజంత నాతోని ఇంగ్లీష్ల కొట్లాడుతది. అచ్చిందో రాలేదో నేను జెప్పాల్నా?" అంది. ఆమె సాక్ష్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ప్రవీణ్ గురించి చెప్పాలి. ఎల్లారెడ్డిలోని ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో రెండో తరగతి. ఆ పసుపు బండి తండాలోకి వస్తే పెళ్ళికొడుకు కారుకు కూడా దక్కని మర్యాద దక్కేది. ప్రవీణ్ మెడలోని టై బొడ్డు దాటి, మోకాళ్ళ దగ్గర కాస్త అలసట తీర్చుకునేది. సాయంత్రం వాడు అరుగెక్కి చదువు వినిపిస్తుంటే తండా మొత్తం పనులు ఆపి వినేది. ఏ ఒక్క పదం దగ్గరా ఆగడు, ఊపిరి మధ్యలో తీసుకోడు. వాడి ముందు ఎక్స్‌ప్రెస్ రైలు పాసింజరే.

అలాంటివాడితో పోటీ. నేను కూడా లోకం తెలిసినవాడినే. పిల్లల పుస్తకాల పెట్టెలోంచి ఒక రైమ్ తీసి సోనికి నేర్పాను. మంచుతో చేసిన మనిషి తోటలో నిలబడతాడు, మెడకు మఫ్లరు, పొద్దున నవ్వుతాడు, మధ్యాహ్నం ఎండ వస్తే ఏడుస్తాడు. అంతే కథ. మంచంటే ఏమిటో చెప్పడానికి గాంధారి సంతలో ఐస్ అమ్మేవాడి డబ్బా దాకా పోవాల్సి వచ్చింది. సోని మొత్తం పట్టేసింది. గడియారం పెట్టి చూస్తే ప్రవీణ్ వేగానికి ఏమాత్రం తగ్గలేదు.

దీపావళి మర్నాడు పొద్దున రూప్లా వాకిట్లో జనం చేరారు. ముఠా మేస్త్రి మంచంమీద కూర్చున్నాడు. కుండలు, గోనె సంచులు, చాపలు కట్టి ఒక పక్కన పెట్టి ఉన్నాయి. లారీ మధ్యాహ్నానికి వస్తుందట.

ముందు ప్రవీణ్. చేతులు కట్టుకుని, వారాలు, నెలలు, రంగులు, పండ్లు, అడవి జంతువులు అన్నింటినీ ఒక్క తాడుకు కట్టి లాగేశాడు. శరీర భాగాల దగ్గరికి వచ్చేసరికి 'నీస్' అంటూ చెవులు పట్టుకున్నాడు. 'షోల్డర్స్' అంటూ పొట్ట నిమురుకున్నాడు. నేను తప్ప ఎవరూ చూడలేదు. చప్పట్లకు వాకిట్లో కోళ్ళు ఎగిరి కప్పెక్కాయి.

"అబ్బ! బుల్లెట్ బండి లెక్క పోతున్నడు!" అన్నాడు మేస్త్రి.

తర్వాత సోని. ముందు అసలు చదువు చూపిద్దామని నాకు ఆశ. "సోనీ, లుక్ ఎట్ యువర్ ఫాదర్. హౌ ఈజ్ హి?" అని అడిగాను. సోని వాళ్ళ నాన్నను చూసింది. కళ్ళు ఆకాశానికి ఎత్తింది. జనం ఎదురు చూశారు. నేను తపస్సులో ఉన్నాను.

"హి ఈజ్... నాట్ యాంగ్రీ. హి ఈజ్ ఫియర్."

కోపంగా లేడు, భయంగా ఉన్నాడు అని. వ్యాకరణం వదిలేయండి. ఆ వాకిట్లో ఉన్న పెద్దవాళ్ళెవరికీ కనిపించనిది తొమ్మిదేళ్ళ పిల్లకు కనిపించింది. దాన్ని మూడో భాషలో చెప్పింది.

"ఏంది సారూ," అన్నాడు రూప్లా, "గింత చిన్న ముచ్చటకు గంతసేపా? మొగులు సూసుకుంట నిలవడె."

"ఆలోచించి చెప్పింది, రూప్లా."

"అచ్చినోడు ఆలోచిస్తడా? గా పిలగాడు ఆలోచించిండా?"

అది నిజం. ప్రవీణ్ ఆలోచించలేదు.

"రైమ్ చెప్పు సోనీ," అన్నాను. సోని మొదలుపెట్టింది. ఎంత బాగా చెప్పిందంటే మేస్త్రి కాళ్ళు కిందికి దించి కూర్చున్నాడు. రూప్లా మెడ నిటారుగా అయింది. మంచు మనిషి నిలబడ్డాడు, మఫ్లరు కట్టుకున్నాడు, పొద్దున్నే నవ్వాడు. ఎండొచ్చింది. అతను ఏడ్చాడు.

సోని ఆగింది.

మర్చిపోయిందేమో అనుకున్నాను. లేదు. ఆ కనుబొమలు నాకు తెలుసు. నా వైపు తిరిగి, చేయెత్తి, నియమం ప్రకారం అడిగింది.

"సర్, వై హి ఈజ్ క్రయింగ్?"

వాడెందుకు ఏడుస్తున్నాడు అని. ఆ తండా పుట్టినప్పటినుంచీ అక్కడ పలికిన మొట్టమొదటి అసలు ఇంగ్లీషు సంభాషణ అదే అని నేను ఏ కోర్టులోనైనా ప్రమాణం చేస్తాను. పక్కనున్న ఆడవాళ్ళు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు.

"మర్సిపోయింది, పాపం," అన్నారెవరో.

"మర్సిపోలేదు!" అని అరిచాను. "అడుగుతున్నది! ఇంగ్లీష్ల అడుగుతున్నది! వాడెందుకు ఏడుస్తుండని అడుగుతున్నది!"

రూప్లా నన్ను చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"అడుగుడు సారు పని గదా? చెప్పుడు పిల్ల పని. పిల్లనే సారును అడుగుతె ఇగ దానికేం అచ్చినట్టు?"

జీతం తీసుకుంటున్న ఇన్నేళ్ళలో నా బోధనను అంత ముక్కుసూటిగా పరిశీలించిన అధికారి ఇంకొకరు లేరు. బడి అంటే ఏమిటో రూప్లాకు ఎవరో ఎప్పుడో నేర్పారు. అతను దాన్ని శ్రద్ధగా నేర్చుకున్నాడు. నేనొక్కడినే వాకిట్లో నిలబడి దాన్ని చెరపగలనా?

"గో ఆన్, సోనీ. ఫినిష్," అన్నాను.

సోని కదల్లేదు. జవాబు వచ్చేదాకా బండి కదలదు కదా.

"సర్, వై?"

"ఎండకు కరిగిపోతుండు బిడ్డా," అన్నాను తెలుగులో. సోని తలూపింది. అర్థమైన సంతోషం మొహమంతా పరుచుకుంది. మిగిలిన రైమ్ ఒక్క తప్పు లేకుండా పూర్తి చేసింది. అప్పటికి మేస్త్రి లేచి చెప్పులేసుకున్నాడు. జనం ప్రవీణ్‌ను ఎత్తుకుని గోపాల్ ఇంటివైపు నడుస్తున్నారు. రూప్లా వంగి, గోనె సంచి మూతికి తాడు బిగిస్తున్నాడు. చివరి పంక్తి విన్నది నేనూ, జమ్కూ, కప్పుమీది కోళ్ళూ.

మధ్యాహ్నం లారీ వచ్చింది. సోని తమ్ముడు అర్జున్‌ను చంకనెత్తుకుని, చాపల కట్టమీద కూర్చుని, "గుడ్ ఈవినింగ్ సర్" అంది. ఇంకా మధ్యాహ్నమే అని సరిదిద్దబోయాను. లారీ చప్పుడులో నా గొంతు లేవలేదు.

చలికాలంలో కామారెడ్డిలో మళ్ళీ ట్రైనింగు. ఈసారి ప్రతి పంతులూ ఒక 'సక్సెస్ స్టోరీ' చెప్పాలట. నేను సోని సంగతి చెప్పాను. ఆర్పీ శ్రద్ధగా విని, "బాగుంది మాస్టారూ, కానీ ఇందులో సక్సెస్ ఎక్కడ?" అన్నాడు. ఎక్కడో వెతకమని ఆయనకే అప్పగించాను. నా తర్వాత లేచిన పంతులు తన బడిలో పిల్లలంతా విమానాశ్రయం సంభాషణను ఒక్క గొంతుతో అప్పజెప్తారని చెప్పాడు. హాలంతా చప్పట్లు. ఆ బడి కూడా ఒక తండాలోనే ఉంది.

మరుసటి జూన్‌లో, పిల్లలను బడిలో చేర్పించడానికి ఇల్లిల్లూ తిరుగుతూ రూప్లా ఇంటికి పోయాను. చెరుకు నుంచి వచ్చి చాలా రోజులే అయిందట. వాకిట్లో అర్జున్ కొత్త టై, కొత్త బూట్లతో నిలబడి ఉన్నాడు. పసుపు బండి బడిలో నర్సరీకి చేర్చారు. అక్క కట్టలు కట్టిన కూలి అందులోకి పోయిందని జమ్కు చెప్పింది. ఆడపిల్ల రాలేదు కదా, మగపిల్లవాడికైనా వస్తుందని రూప్లా లెక్క. సోని వాడి ముందు కూర్చుని ఏదో రైమ్ నేర్పుతోంది. ప్రవీణ్ దగ్గర విని పట్టుకున్నదై ఉంటుంది. నన్ను ఇంకా చూడలేదు.

అర్జున్ మధ్యలో ఆగి, లంబాడీలో ఏదో అడిగాడు. సోని వాడి నెత్తిన మెల్లగా ఒకటి వేసి, పంతులమ్మలా తెలుగులో అంది.

"అడగొద్దు. నడుమ ఆగితే రాదనుకుంటరు. ఏమున్నా, లేకున్నా గుక్క తిప్పుకోకుండ చెప్పాలె. మల్ల మొదటిసంది."

ఇంగ్లీషు బోధనను చిన్నపిల్లల అవసరాలకు తగ్గట్టు మలచుకోవడం గురించి నాకు తెలిసిన పాఠాలన్నిటిలో అది సంపూర్ణమైనది. కామారెడ్డిలో ఎవరూ దాన్ని అంత క్లుప్తంగా చెప్పలేకపోయారు. ఆ మాట ఆ పిల్లకు నేను నేర్పలేదు, ఆ వాకిలి నేర్పింది. వాకిలి బోధన ముందు నా బోధన నిలవదని అప్పుడు తెలిసింది. అప్పటినుంచీ నేను పిల్లలతో పాటు వాళ్ళ తండ్రులను కూడా బడిలో కూర్చోబెట్టుకుని, ఆగి ఆలోచించడమంటే ఏమిటో వాళ్ళకే ముందు చూపిస్తున్నాను. కొందరు వస్తారు. రూప్లా రాడు. దీపావళి దాటితే అతను తండాలోనే ఉండడు.

సోని నన్ను చూసి లేచి నిలబడింది. చేతులనిండా చెరుకాకు కోసిన గీతలు, బొటనవేలికి గుడ్డ పీలిక. నేను ఇంగ్లీషులోనే పలకరించాను, "హౌ ఆర్ యూ, సోనీ?" అని. అడిగి, అలవాటు ప్రకారం నోరు మూసుకుని, ఆ పిల్ల కళ్ళు పైకి లేచేదాకా ఎదురు చూడబోయాను.

కళ్ళు లేవలేదు. నా మాట ఇంకా పూర్తికాకముందే జవాబు వచ్చేసింది.

"ఐయామ్‌ఫైన్‌థాంక్యూసర్."